వాడి నాలుక కంటే ముందు చెవులు చూపించండి

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. మా బాబుకి ఆరేళ్లు నిండాయి, ఒకటో తరగతి. వాడికి ‘ర’ పలకదు. రైలుని లైలు అంటాడు, కారుని కాలు అంటాడు. ‘ళ’ కూడా ‘ల’ లాగే వస్తుంది. నాలుక బయటపెట్టమంటే కొన మధ్యలో నొక్కుకుపోయి హృదయం గుర్తులా కనిపిస్తుంది. ఐస్‌క్రీమ్ నాకలేడు, కొరుక్కుని తింటాడు. రాత్రి నోరు తెరుచుకునే పడుకుంటాడు, గురక కూడా పెడతాడు. పిప్పిపన్ను చూపిద్దామని వెళితే డెంటల్ క్లినిక్‌లో టంగ్ టై ఉందన్నారు, అంటే నాలుక కింద పొర నాలుకను పట్టేస్తోందట. లేజర్‌తో పది నిమిషాల్లో తీసేస్తాం, పై పెదవి కింద పొర కూడా తీసేద్దాం, తర్వాత నోటి కండరాలకు మయోఫంక్షనల్ థెరపీ పన్నెండు సిట్టింగులు, అన్నీ కలిపి ప్యాకేజీ అన్నారు. మాటలు బాగుపడతాయి, గురకా పోతుందన్నారు. దసరా సెలవుల్లో అయితే మంచిదట. మా అత్తగారు వస కొమ్ము అరగదీసి నాకిస్తే చాలంటారు. మావారు ‘నాకూ ఐదేళ్లదాకా మాటలు సరిగ్గా రాలేదు, అదే వస్తుందిలే’ అంటారు. పక్కింటి పాపకి పుట్టిన పది రోజులకే కత్తిరించారు. మాకప్పుడు ఎవరూ చెప్పలేదు. నేను గమనించకపోవడం వల్లే ఇలా అయిందేమోనని ఒకటే టెన్షన్. స్కూల్లో వాణ్ని లాలీ అని ఏడిపిస్తున్నారు. టీచరేమో పిలిస్తే పలకడు, ధ్యాస తక్కువ అంటున్నారు. ఇంట్లో కూడా టీవీ సౌండ్ పెంచుకుని దానికే అతుక్కుపోతాడు, అందుకేనేమో. ఆపరేషన్ చేయించమంటారా? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుక గురించి చదివాను. రెండోసారి మీరు చివర్లో ఊరికే రాసిన మాట దగ్గర ఆగిపోయాను. పిలిస్తే పలకడు. టీవీ సౌండ్ పెంచుతాడు. దీనికి నోరు తెరుచుకుని పడుకోవడం, గురక కలపండి. ఇరవై ఏళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నదాన్ని కాబట్టి ఇవన్నీ ఒకే పిల్లాడిలో కనిపిస్తే నా చూపు నాలుక మీంచి చెవి మీదకు పోతుంది.

ఎందుకో చెప్తాను. ముక్కు వెనక భాగంలో, గొంతుకు పైన ఎడినాయిడ్స్ అనే కండ ఉంటుంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల మధ్య పిల్లల్లో అది బాగా పెరిగి ఉండే వయసు. మరీ పెద్దదైతే ముక్కుదారి మూసుకుపోయి పిల్లలు నోటితో గాలి పీలుస్తారు, గురక పెడతారు. చెవి నుంచి ముక్కు వెనక్కి వచ్చే సన్నని గొట్టం తెరుచుకునేది కూడా దాని పక్కనే. ఆ గొట్టం సరిగ్గా పనిచేయకపోతే కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. నొప్పి ఉండదు, చీము కారదు, పిల్లాడు ఏమీ చెప్పడు. చెరువులో మునిగి గట్టు మీది మాటలు విన్నట్టు వింటాడు, అంతే. అలా వినే పిల్లాడికి ర, ల మధ్య తేడా పట్టుకోవడమే కష్టం. ఇక పలకడం మాట తర్వాత. టీచరుకి అది ధ్యాస లోపంలా కనిపిస్తుంది, పాపం ఆవిడ తప్పూ కాదు.

మీ వాడికి ఇదే ఉందని ఉత్తరం చూసి నేను తేల్చలేను. కానీ వినికిడి ఎంతుందో చూసే ఆడియోమెట్రీ, దాంతోపాటు చెవి లోపలి ఒత్తిడి చూసే టింపనోమెట్రీ, ఈ రెండూ చేయించకుండా నాలుక మీద చెయ్యి వేయనివ్వకండి. సూదీ మందూ లేని పరీక్షలు, అరగంట పని. మీకు దగ్గర్లో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది.

ఆలోగా ఇంట్లో ఒక ఆట ఆడండి. ఒక కారు బొమ్మ పెట్టండి, పక్కన ఒక బొమ్మ కాలో, కాలు గీసిన కాగితమో పెట్టండి. మీ నోరు కనిపించకుండా పేపరు అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో ఒకసారి కారు అనండి, ఒకసారి కాలు అనండి. వరస మారుస్తూ పదిసార్లు. మీరు అన్నదాన్ని వాడు చెయ్యి పెట్టి చూపించాలి. పదికి పది చూపిస్తే తేడా చెవికి తెలుస్తోంది, నోటికి రావట్లేదు. తప్పులు పోతుంటే సంగతి వేరు. తెలుగు డిక్టేషన్ పుస్తకం కూడా ఓసారి తిప్పండి. కారుకి బదులు కాలు అని రాస్తున్నాడేమో చూడండి. రాతలో కూడా ల పడుతుంటే ఆ తప్పు నాలుకది అనలేం.

అలాగని డెంటిస్టు చెప్పింది అబద్ధమని కాదు. మీరు రాసిన గుర్తులు, అంటే హృదయం ఆకారం, ఐస్‌క్రీమ్ నాకలేకపోవడం, ఇవి చూస్తే టంగ్ టై ఉండే ఉంటుంది. మనందరికీ నాలుక కింద ఒక పొర ఉంటుంది. కొందరికి అది పొట్టిగానో, మందంగానో, నాలుక కొన దాకానో వచ్చి నాలుకను కిందికి పట్టి ఉంచుతుంది. చూడటానికి తాడులా ఉంటుంది కానీ విడిగా తాడేం కాదు, నోటి అడుగున పరుచుకుని ఉండే పలుచని కణజాలమే నాలుక ఎత్తినప్పుడు మడత పడి అలా పైకి లేస్తుంది. అందుకే అద్దంలో చూసి ‘అమ్మో ఇంత పెద్ద తాడా’ అని బెదిరిపోకూడదు. పొర ఎలా కనిపిస్తోందన్నది నాకు అంత ముఖ్యం కాదు, నాలుక ఎంతవరకు కదులుతోందన్నది ముఖ్యం.

దానికి స్కేలుతో కొలిచే పద్ధతి ఉంది. ముందు బాబుని నోరు వీలైనంత పెద్దగా తెరవమనండి, పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య ఎంత ఉందో కొలవండి. తర్వాత నాలుక కొనను పై పళ్ల వెనక, అంగిలి మొదలయ్యే చోట ఉన్న చిన్న బొడిపెకు ఆనించి, అది ఊడిపోకుండా ఎంత తెరవగలడో కొలవండి. మొదటిది 4 సెంటీమీటర్లు, రెండోది 2 కంటే తక్కువ అయితే, అంటే సగం కూడా రాకపోతే, కదలిక బాగా తగ్గినట్టు. 80 శాతం పైన ఉంటే ఆ నాలుకకు ఢోకా లేదు. 2017లో ఆరేళ్లు దాటిన 1052 మందిని కొలిచి ఈ లెక్క సరిచూశారు. ఆ క్లినిక్‌లో ఈ కొలత తీశారా, లేక టార్చి వేసి చూసి చెప్పారా?

ఇక అక్షరాల సంగతి. ఇది తెలుగువాళ్లకు కాస్త ప్రత్యేకం. ప, బ, మ పెదవులతో పలుకుతాం. క, గ నాలుక వెనక భాగంతో. వీటికి నాలుక కొనతో పనే లేదు. ఏ పిల్లాడైనా కాకిని తాతి అంటున్నాడంటే దానికి టంగ్ టైని తిట్టడం అన్యాయం. నాలుక కొన పైకి లేవాల్సినవి ల, ర. వెనక్కి మడత పడాల్సినవి ట, డ, ణ, ళ. మీ వాడు ట, డ ఎలా పలుకుతాడో మీరు రాయలేదు. టమాటా, బండి, గుడ్డు ఇవి సాఫుగా వస్తుంటే నాలుక వెనక్కి వంగుతోందన్నమాటే. ‘ల’ చక్కగా పలుకుతున్నాడంటే కొన పైకి చేరుతోంది. ల, ర దాదాపు ఒకే చోట పుడతాయి, ర కి మాత్రం అక్కడ ఒక్క తటాలున కొట్టి వదలాలి. ఆ విద్య చాలామంది పిల్లలకు ఆఖర్న పట్టుబడుతుంది. ఇంకో సంగతి చూడండి. నోరు ఒక వేలు దూరేంత తెరిచి ఉంచి లలలల అనమనండి. దవడ కదలకుండా నాలుక ఒక్కటే ఆడాలి. ప్రతి ‘ల’కీ గడ్డం కూడా పైకీ కిందికీ కొట్టుకుంటుంటే నాలుక చాలక దవడ సాయం తీసుకుంటోందని గుర్తు. ఇలాంటి పిల్లల్లో పొర నిజంగానే అడ్డం అయి ఉండొచ్చు.

‘ళ’ గురించి మాత్రం మరీ దిగులు పడకండి. ‘ళ’ను ‘ల’ అన్నవాళ్లందరికీ ఆపరేషన్ కావాలంటే ముందు మన టీవీ యాంకర్లలో సగం మందిని బల్ల ఎక్కించాలి.

మరో మాట. మన ఊళ్లలో అక్షరం తిరగకపోయినా నత్తే అంటారు, మాట మొదట్లో ఆగి ఆగి వచ్చినా నత్తే అంటారు. ఆగి ఆగి వచ్చే నత్తికీ, మాటలు ఆలస్యంగా రావడానికీ టంగ్ టై కారణం కాదు. అక్షరాల విషయంలో కూడా, 2020లో అమెరికా ఈఎన్‌టీ నిపుణుల సంఘం తెచ్చిన ఏకాభిప్రాయ పత్రం పిల్లల్లో టంగ్ టై సాధారణంగా మాటను దెబ్బతీయదనే అంది. ‘సాధారణంగా’ అన్నది గమనించండి. కొందరిలో దెబ్బతీస్తుంది. మీ వాడు ఆ కొందరిలో ఉన్నాడా లేదా అన్నది పళ్ల డాక్టరు ఒక్కరే చెప్పేది కాదు, స్పీచ్ థెరపిస్టు అక్షరం అక్షరం పలికించి చూసి చెప్పాలి.

పక్కింటి పాప సంగతికొస్తాను, ఎందుకంటే మీ నిద్ర పాడు చేస్తున్నది అదే. పసిపిల్లలకు ఆ పొర కత్తిరించేది పాలు తాగడం కోసం. బిడ్డ పట్టు దొరక్క జారిపోవడం, తల్లికి చనుమొనలు చీరుకుపోయి నొప్పి, బరువు పెరగకపోవడం లాంటివి ఉండి, పాలిచ్చే తీరు మార్చినా తగ్గకపోతే కత్తిరిస్తారు. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2017లో ఐదు ప్రయోగాలను, 302 మంది శిశువులను కలిపి చూస్తే తల్లి నొప్పి కొంతకాలం తగ్గిందని తేలింది, బిడ్డ పాలు తాగడం మెరుగైందని మాత్రం అన్నిట్లో ఒకేలా రాలేదు. టంగ్ టై ఉన్న శిశువుల్లో సగానికి పైగా ఏ ఇబ్బందీ లేకుండానే తాగుతారని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2024లో చెప్పింది. మీ బాబు పాలు తాగి పెరిగాడు కదా? అయితే అప్పుడు ఎవరూ చెప్పకపోవడంలో వింతేం లేదు. బ్రెజిల్‌లో 2014 నుంచి ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన ప్రతి బిడ్డ నాలుక కిందా చూడాలని చట్టమే ఉంది, మన దగ్గర లేదు. మీరు గమనించాల్సింది గమనించారు, ఆరేళ్లకే. ముప్ఫై ఏళ్లకు తెలుసుకుని నా దగ్గరకొచ్చినవాళ్లున్నారు. మాట కోసం చేసే ఆపరేషన్‌కి ముహూర్తం దాటిపోవడం అంటూ ఉండదు, కాబట్టి దసరాకే కావాలన్న తొందరా అక్కర్లేదు.

సరే, చెవులు బాగానే ఉన్నాయి, కొలత సగం కూడా లేదు, దవడ కొట్టుకుంటోంది అనుకుందాం. అప్పుడు చేయించండి, భయపడకండి. పసిబిడ్డకైతే కత్తెరతో చిన్న గాటు, అంతే. ఆరేళ్లవాడికి అలా కుదరదు. కదలకుండా ఉండాలి కాబట్టి ఈ వయసులో ఎక్కువగా కాసేపు పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. పొర మందంగా ఉంటే ఊరికే కోసి వదలకుండా, ఇంగ్లీషు జెడ్ అక్షరం ఆకారంలో కోసి, ముక్కలు అటూ ఇటూ తిప్పి, కరిగిపోయే కుట్లు వేస్తారు. దాంతో మచ్చ బిగిసి మళ్లీ లాగే అవకాశం తగ్గుతుంది. లేజర్ అనగానే మనవాళ్లకు గొప్ప. రక్తం తక్కువ రావచ్చు, కానీ కత్తెర కంటే ఫలితం బాగుంటుందని రుజువేమీ లేదు. నాలుక కింద లాలాజలం వచ్చే గొట్టాల నోళ్లు, పెద్ద సిరలు ఉంటాయి. పనిముట్టు ఏదైనా వాటిని తప్పించి కోసే చెయ్యి కావాలి. పిల్లల నోళ్లలో ఈ పని తరచూ చేసే ఈఎన్‌టీ లేదా పిల్లల సర్జన్‌ని చూసుకోండి. దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగని గుణం ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందే చెప్పండి.

ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు నాలుక కింద తెల్లగా, పసుపుగా ఒక పొర కడుతుంది. చూసి చీము పట్టిందని పరిగెత్తకండి, అది మానుతున్న పుండు. పెరుగన్నం, చల్లని జావ, ఇడ్లీ పాలల్లో మెదిపి పెట్టండి. వారం పాటు ఆవకాయ, జంతికలు వద్దు. రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, కింద వాపు పెరుగుతున్నా మాత్రం ఆసుపత్రికే.

ఇక అసలు కష్టం థెరపీ. కొన్నేళ్ల కిందట ఒక తొమ్మిదేళ్ల అబ్బాయి వచ్చాడు. ఎక్కడో ఆపరేషన్ చేయించారు, బాగానే చేశారు. నాలుక చాపి గడ్డం అందుకునేవాడు, ఆ ఘనత అందరికీ చూపించేవాడు కూడా. రైలుని మాత్రం ఇంకా లైలే అనేవాడు. తొమ్మిదేళ్లు ఒక దారిలో నడిచిన నాలుక, అడ్డం తీసేశారని మర్నాటినుంచి కొత్త దారి పట్టదు కదా. ఇంట్లోవాళ్లకు కోపం వచ్చింది, డబ్బు దండగ అయిందని. వాడికి ఎవరూ ‘ర’ నేర్పనే లేదు.

అందుకే మయోఫంక్షనల్ థెరపీ అన్న పెద్ద పేరు వెనక ఉన్నవి రెండు వేర్వేరు పనులని తెలుసుకోండి. ఒకటి నాలుక, పెదవులు, దవడ కండరాల అలవాట్లు మార్చడం. ఊరికే ఉన్నప్పుడు నాలుక అంగిలికి ఆని ఉండాలి, పెదవులు మూసి ఉండాలి, గాలి ముక్కుతో ఆడాలి, మింగేటప్పుడు నాలుక పళ్లను తోయకూడదు. ఈ వ్యాయామాలు కొత్తవేం కాదు, పలువరస సరిచేయడానికి కండరాల కసరత్తు కావాలని అమెరికాలో ఆల్ఫ్రెడ్ రోజర్స్ అనే ఆర్థోడాంటిస్టు 1918లోనే రాశాడు. రెండోది అక్షరం పలికించడం, అది స్పీచ్ థెరపీ. మొదటిది చేస్తే రెండోది దానంతటదే వస్తుందని చెబితే నమ్మకండి. బుడగలు ఊదించడం, ఈలలు వేయించడం వల్ల ‘ర’ రాదు. ర రావాలంటే ర నే పలికించాలి, ముందు విడిగా, తర్వాత మాటలో, తర్వాత వాక్యంలో. ఆ పన్నెండు సిట్టింగుల్లో ఈ పని ఎన్ని? చేసేది ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న స్పీచ్ థెరపిస్టేనా? ఇది అడగడానికి మొహమాటపడకండి.

వ్యాయామాలు ఆపరేషన్‌కి కనీసం రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. పుండు మీద కొత్త విద్య ఏ పిల్లాడూ నేర్చుకోడు, ముందే ఆటలా వచ్చి ఉంటే తర్వాత చేస్తాడు. ఎద్దుల్ని అదిలించేటప్పుడు నాలుకతో టక్కున శబ్దం చేస్తారే, అది చాలా మంచి వ్యాయామం. నాలుక మొత్తం అంగిలికి పీల్చుకుని ఒక్కసారిగా వదలాలి. మీ నాన్నగారు చేసి చూపిస్తే ఇంకా సరదాగా నేర్చుకుంటాడు. అలా పీల్చి పట్టి ఉంచి నోరు మెల్లగా తెరవడం ఇంకొకటి. పై పెదవికి, మూతి రెండు మూలలకి కాస్త తేనె రాసి చేత్తో ముట్టకుండా నాకమనడం మరొకటి. ఆపరేషన్ అయ్యాక సర్జన్ చెప్పిన రోజు నుంచి ఇవే, రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు, నాలుగు నుంచి ఆరు వారాలు. మచ్చ బిగుసుకునేది ఆ వారాల్లోనే. అయితే ఇది తనంతట తాను కదిలించగల పిల్లాడి మాట. పక్కింటివాళ్లకు ఎవరైనా పసిపాప పుండును వేలితో రుద్దమని చెప్పారేమో. శిశువులకు ఆ సాగదీతలు వద్దనే 2024లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్పింది.

గురక పోతుందన్న హామీ నాకు నచ్చలేదు. పొట్టి పొర ఉన్న పిల్లల్లో నిద్రలో శ్వాస ఇబ్బందులు కనిపించాయని 2016లో స్టాన్‌ఫర్డ్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చిన మాట నిజం. గురక, నిద్రలో శ్వాస ఆగడం ఈ వ్యాయామాలతో తగ్గినట్టు 2015లో వచ్చిన సమీక్ష కూడా ఉంది, అయితే అందులో పిల్లలు చాలా కొద్దిమంది. నాలుక ఆపరేషన్‌ని ఇష్టపడే లాస్ ఏంజిలెస్ బృందం 2019లో తమ దగ్గర ఆపరేషన్, థెరపీ కలిపి చేయించుకున్న 348 మందిని అడిగితే 91 శాతం సంతృప్తి చెందామన్నారు. బాగుంది, కానీ చేసినవాళ్లే అడిగారు, చేయించుకోనివాళ్లతో పోల్చలేదు. ఆరేళ్ల పిల్లాడి గురకకు ముందు చూడాల్సింది ఎడినాయిడ్స్, టాన్సిల్స్, ముక్కు అలర్జీ. వాటిని వదిలేసి నాలుక కోస్తే, వీధి తలుపు గొళ్లెం పడి ఉండగా పెరటి తలుపు బాగు చేయించినట్టు. ముక్కు మూసుకుపోయిన పిల్లాడికి రాత్రి నోటికి టేపు వేయమని ఫోన్లో వీడియోలు వస్తున్నాయి, పొరపాటున కూడా ఆ పని చేయకండి.

పై పెదవి పొర? వదిలేయండి. మాటకీ దానికీ సంబంధం లేదు. పాల పళ్ల వయసులో అది కిందికి ఉండటం మామూలే.

అత్తగారి వస కొమ్ము. మాట వస్తుందని ఊళ్లలో నాకిస్తారు, గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం కూడా. ఆవిడ ప్రేమతోనే చెప్పారు. కానీ పొరను వస సాగదీయలేదు, పైగా అందులో ఉండే ఆసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో వాడటం నిషేధించారు. పెద్దావిడతో వాదన వద్దు, వస పక్కనపెట్టి నాకించే తేనె పని ఆవిడకి అప్పగించండి, నాలుగు పూటలా తప్పకుండా చేయిస్తారు. మీవారితో మాత్రం ఒక మాట అనండి: ఐదేళ్లకు మాట బాగుపడిన తండ్రి ఉన్నాడు కాబట్టి ఆరేళ్లు దాటిన పిల్లాడి చెవులు పరీక్ష చేయించకుండా ఉండొచ్చని ఎక్కడా లేదు.

ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, రైలు అను నాన్నా’ అని పలికించడం ఇవాళ్టి నుంచి ఆపేయండి. తప్పు పలికితే సరిచేయకండి, వాడు ‘కాలు వచ్చింది’ అంటే ‘అవును, ఎర్ర కారు వచ్చింది’ అని మీరు సరిగ్గా అని ఊరుకోండి. స్కూల్లో టీచరుతో మాట్లాడి ముందు బెంచీలో కూర్చోబెట్టించండి, లాలీ సంగతి కూడా చెప్పండి. ప్రైవేటులో థెరపీ ఖర్చు భారమైతే పిల్లల ఎదుగుదల లోపాలు చూసే జిల్లా ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాల్లో అడగండి, రాష్ట్రీయ బాలస్వాస్థ్య పథకం కింద ఉచితం. హైదరాబాద్ వైపు వెళ్లే పని ఉంటే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి, మాట రెండూ ఒకేచోట చూస్తారు.

ఈఎన్‌టీ దగ్గరకు వెళ్లే ముందు రాత్రి వాడు గురక పెడుతుంటే ఫోన్లో ఒక రెండు నిమిషాలు వీడియో తీసుకోండి, ఛాతీ కూడా కనిపించేట్టు. మధ్యలో ఊపిరి ఆగి మళ్లీ ఉలిక్కిపడి తీసుకుంటున్నాడేమో డాక్టరు చూడాలి, పగలు ఆయన ఎదుట కూర్చుంటే అది కనిపించదు. ఆడియోమెట్రీ రిపోర్టు వచ్చాక, నేను చెప్పిన రెండు కొలతలు, కారు-కాలు ఆటలో పదికి ఎన్ని వచ్చాయో రాసి మళ్లీ ఉత్తరం పంపండి. అప్పుడు నాలుక గురించి మాట్లాడుకుందాం.